ఎప్పుడు కొనాలి? ఎప్పుడు ఆగాలి?
(బిట్‌కాయిన్ ధర – పసుపు ధర – మన చేతిలోని డబ్బు)



మన బాన్సువాడ సాంఘిక సంక్షేమ వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఒక గణిత వ్యాసం రాయమని వార్డెన్ సారు కబురు చేశారు. ఏ విషయం రాయాలా అని ఆలోచిస్తుండగా, మన హాస్టల్‌లోనే చదివి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న ఒక తమ్ముడు 2025 నవంబరులో బస్టాండు దగ్గర అడిగిన మాట గుర్తుకు వచ్చింది.

"అన్నా, బిట్‌కాయిన్ మస్తు పడ్డదంట. ఇప్పుడే కొనాల్నా, ఇంకా పడేదాకా ఆగాల్నా?"

"నీ దగ్గర ఎన్ని పైసలున్నయి?" అని అడిగాను.

"ఇరవై వేలు."

"ఎవరియి?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తల వంచుకుని, "అమ్మ బీడీలు చేసి జమ చేసినయన్నా. మార్చిల ఫీజు కట్టాలె," అన్నాడు.

ఆ తమ్మునికి బస్సు వచ్చేలోపు నేను చెప్పగలిగింది కొంతే. మిగిలింది ఈ వ్యాసంలో రాస్తున్నాను. ఇది మీలో చాలామందికి ఈ రోజు కాకపోతే రేపైనా ఎదురయ్యే ప్రశ్న.

బిట్‌కాయిన్ అంటే ఏమిటి?

2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే మారుపేరుతో ఒకరు ఇంటర్నెట్‌లో ఒక పత్రాన్ని ప్రకటించారు. ఆ పేరు వెనుక ఉన్నది ఒక మనిషా, కొందరా అన్నది ఈనాటికీ తేలలేదు. బ్యాంకు మధ్యలో లేకుండా ఒకరి నుండి మరొకరికి డబ్బు పంపుకునే పద్ధతి అందులో ఉంది. 2009 జనవరి 3న అది పని ప్రారంభించింది.

ఊరందరి అప్పులు, చెల్లింపులు రాసిన ఒక పెద్ద ఖాతా పుస్తకం ఉందనుకోండి. ఆ పుస్తకం ఒక్క షావుకారు దగ్గరే ఉంటే ఆయన దిద్దవచ్చు. అదే పుస్తకం ప్రతి ఇంట్లో ఒక్కో నకలు ఉంటే ఎవరు దిద్దినా మిగతావారికి దొరికిపోతుంది. బిట్‌కాయిన్ ఖాతా అటువంటిది. వేలాది కంప్యూటర్లలో ఒకే లెక్క ఉంటుంది. దీనినే బ్లాక్‌చెయిన్ అంటారు. లెక్కలు సరిచూసే కంప్యూటర్లకు కూలీగా కొత్త బిట్‌కాయిన్లు ఇస్తారు. మొత్తం మీద 2 కోట్ల 10 లక్షలకు మించి బిట్‌కాయిన్లు ఉండవు. సుమారు నాలుగేండ్లకొకసారి ఆ కూలీ సగమవుతుంది. మొదట 50 ఉండేది, 2024 ఏప్రిల్ నుండి 3.125 అయింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పొలం కొంటే కౌలు వస్తుంది. కంపెనీ వాటా కొంటే లాభంలో భాగం రావచ్చు. బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది. బిట్‌కాయిన్ దానంతట అది ఏమీ ఇవ్వదు. రేపు మరొకరు ఎక్కువ ధర పెట్టి కొంటేనే మనకు లాభం. కావున దాని ధర జనం ఆశను, భయాన్ని బట్టి పైకీ కిందికీ పోతుంది.

ధర నడిచిన తీరు

2010 మే 22న అమెరికాలో ఒకాయన 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తీసుకున్నాడు. ఆ తరువాతి కథ చూడండి. ఒక బిట్‌కాయిన్ ధర సుమారుగా, అమెరికా డాలర్లలో:

2017 డిసెంబరు – 20,000కు దగ్గరగా
2018 డిసెంబరు – 3,200
2021 ఏప్రిల్ – 64,000
2021 జూలై – 30,000 లోపు
2021 నవంబరు – 69,000
2022 నవంబరు – 16,000 లోపు
2024 మార్చి – 73,000
2024 డిసెంబరు – మొదటిసారి 1,00,000 దాటింది
2025 అక్టోబరు – 1,25,000 దాటింది
2025 నవంబరు – 90,000 లోపు

ఈ పట్టీని పై నుండి కిందికి చదివినవారు "అబ్బ, 2018లో కొని ఉంటే!" అంటారు. కాని 2018 డిసెంబరులో ఉన్నవారికి ఈ పట్టీలో మొదటి రెండు వరుసలే కనిపించాయి. 20,000 నుండి 3,200కు పడిన వస్తువు రేపు 300కు పడుతుందో, 30,000కు లేస్తుందో వారికి తెలియదు. జవాబులు దగ్గర పెట్టుకుని ప్రశ్నపత్రం చదివితే అన్నీ సులభంగానే ఉంటాయి.

మన ఉమ్మడి జిల్లా పసుపు చెప్పే పాఠం

ఇది మనకు కొత్త విషయం కాదు. మన బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద వరి పండుతుంది. వరికి ప్రభుత్వ మద్దతు ధర ఉంది. 2025-26 ఖరీఫ్‌లో ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు. ధర ముందే తెలుసు గనుక వడ్లు ఎప్పుడు అమ్మాలని ఎవరూ రాత్రంతా ఆలోచించరు. కాంటా ఎప్పుడు అవుతుందన్నదే వారి చింత.

ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు రైతుల సంగతి వేరు. జూన్‌లో విత్తితే జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి తవ్వుతారు. ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్ములు మెరిసేలా రుద్ది నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తారు. 2010లో క్వింటాలు పసుపు 15,000 రూపాయలు దాటింది. అది చూసి చాలామంది పసుపు వేశారు. తరువాత ధర కూలిపోయింది. 2019 నాటికి ఐదారు వేల దగ్గర ఉంది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. తమ బాధ దేశానికి తెలియాలని వారు నామినేషన్లు వేశారు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. ఈ లోపల 2024లో పసుపు ధర మళ్లీ 15,000 దాటింది.

దీనిలో మనకు రెండు పాఠాలు ఉన్నాయి.

మొదటిది: పోయిన ఏటి ధర చూసి ఈ ఏడు పంట వేసినవాడు, తనలాగే అందరూ వేస్తారన్న సంగతి మరచిపోతాడు. 2021లో టీవీలో, ఫోన్లలో ఎక్కడ చూసినా బిట్‌కాయిన్ మాటే ఉన్నప్పుడు కొన్నవారు చేసింది కూడా ఇదే.

రెండవది ఇంకా ముఖ్యమైనది: ధర తగ్గినప్పుడు ఆగగలిగేది ఎవరు? అప్పు లేనివాడు. ఇంట్లో కుప్ప పోసుకుని ఏడాది ఆగుతాడు. ఎరువుల దుకాణంలో బాకీ ఉన్న రైతు, బిడ్డ పెండ్లి పెట్టుకున్న రైతు వచ్చిన ధరకే అమ్ముకుని ఇంటికి పోతాడు. ఇద్దరి పసుపూ ఒకటే, యార్డూ ఒకటే. ఒకనికి ఆగే శక్తి ఉంది, మరొకనికి లేదు. తెలివిలో తేడా లేదు.

అయితే పసుపు ఎంత పడినా కూరలో వేసుకునేవారు, మందులో వాడేవారు ఉంటారు. బిట్‌కాయిన్‌కు ఆ అడుగు కూడా లేదు.

అడుగు ధర ముందే తెలుస్తుందా?

కొందరు కూలీ సగమయ్యే సంవత్సరాన్ని చూపి, ఆ మరుసటి ఏడు ధర పెరుగుతుందని చెబుతారు. 2012, 2016, 2020లలో కూలీ సగమైంది. 2013లో, 2017లో, 2021లో ధర కొత్త ఎత్తులకు పోయింది. మాట నిజమే. కాని మూడు సార్లు జరిగినంత మాత్రాన అది సూత్రం కాదు. బొమ్మా బొరుసూ ఆటలో వరుసగా మూడుసార్లు బొమ్మ పడటం ఎనిమిదింట ఒకసారి జరిగేదే. పైగా కూలీ సగమయ్యే కాలం లోకమంతటికీ ముందే తెలుసు. అందరికీ తెలిసిన వార్త వల్ల మనకొక్కరికే లాభం రాదు.

ఇక టెలిగ్రామ్ గ్రూపుల "గురువుల" సంగతి. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒకడు 640 మంది నంబర్లు సంపాదించాడు. సగం మందికి "ఈ వారం ధర పెరుగుతుంది" అని, మిగతా సగానికి "తగ్గుతుంది" అని పంపాడు. వారం తిరిగేసరికి 320 మందికి అతని మాట నిజమైంది. తప్పయినవారిని వదిలి, ఆ 320 మందికి మళ్లీ సగం సగం పంపాడు. 160 మంది మిగిలారు. తరువాత 80, తరువాత 40, అయిదో వారానికి 20 మంది. ఆ ఇరవై మంది కళ్ల ముందు అతడు వరుసగా అయిదుసార్లు సరిగ్గా చెప్పాడు! ఇప్పుడు "ఫీజు కట్టండి, రహస్యం చెబుతా" అంటే వారు కడతారు. అతనికి తెలిసిన విద్య ఒక్కటే: రెండుతో భాగించడం. ఎవరైనా ఇలా మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు దొరకడం కష్టం.

పడటం వేరు, లేవడం వేరు

10,000 రూపాయలు పెట్టాం. ధర 50 శాతం పడింది. చేతిలో 5,000 ఉంది. మళ్లీ 10,000 కావాలంటే 50 శాతం పెరిగితే చాలదు, 100 శాతం పెరగాలి. 80 శాతం పడితే 2,000 మిగులుతుంది. అది పదివేలు కావాలంటే 400 శాతం పెరగాలి. బిట్‌కాయిన్ 2018లోనూ, 2022లోనూ సుమారు ఎనభై శాతం దాకా పడినదే. రెండుసార్లూ లేచింది. కాని ఎంత కాలానికి? 2017 డిసెంబరు నాటి ఎత్తును మళ్లీ చేరడానికి మూడేండ్లు పట్టింది. 2021 నవంబరు నాటి ఎత్తుకు రెండేండ్ల నాలుగు నెలలు పట్టింది. ఒక డిగ్రీ మొత్తం మూడేండ్లే!

అన్ని నాణేలూ లేవవు. లూనా అనే నాణెం 2022 మే మొదట్లో 80 డాలర్లకు పైన ఉండి, ఒక్క వారంలో పైసా విలువ లేకుండా పోయింది. "సగానికి పడింది, చవక" అని మధ్యలో కొన్నవారి డబ్బు కూడా అందులోనే పోయింది. పడిన ప్రతిదీ చవక కాదు.

విడతలుగా కొంటే?

అడుగు ధర తెలియదు కనుక ఒకేసారి కొనకుండా నెలకింత అని కొనడం ఒక పద్ధతి. నెలకు 1,000 రూపాయల చొప్పున అయిదు నెలలు కొన్నామనుకోండి. ధరలు వరుసగా 100, 50, 40, 50, 80. అప్పుడు వచ్చిన నాణేలు 10, 20, 25, 20, 12.5. మొత్తం 87.5. చివరి ధర 80 చొప్పున విలువ 7,000. మొదటి నెలలోనే 5,000 పెట్టి ఉంటే 50 నాణేలు, విలువ 4,000. విడతల పద్ధతి గెలిచింది.

కాని నిజాయితీగా రెండో వైపు కూడా చూడాలి. ధర 40, 50, 80, 100 అని పెరుగుతూ పోతే? నెలకు 1,000 చొప్పున నాలుగు నెలలు కొంటే 67.5 నాణేలు, విలువ 6,750. మొదటి రోజే 4,000 పెట్టి ఉంటే 100 నాణేలు, విలువ 10,000. ఇక్కడ విడతలు ఓడిపోయాయి. నాణెం సున్నా అయితే రెండు పద్ధతులూ సున్నాయే. కావున విడతలు లాభానికి హామీ కావు. ఒక్క రోజు చేసిన తప్పు మీద మన భవిష్యత్తు ఆధారపడకుండా మాత్రం కాపాడతాయి.

చట్టం, పన్ను

2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు ఇవ్వవద్దన్నది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కొనడం నేరం కాదు గాని, అది మన దేశంలో చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న బీమా దీనికి లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజి నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేకపోయారు. ధర సరిగ్గా ఊహించినవారూ అందులో ఉన్నారు.

2022 బడ్జెట్‌లో లాభంపై 30 శాతం పన్ను, అమ్మకంపై 1 శాతం ముందస్తు కోత తెచ్చారు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో తీసివేయడానికి వీలు లేదు. ఒకదానిలో 2,000 లాభం, మరొకదానిలో 2,000 నష్టం వస్తే మన చేతికి మిగిలింది సున్నా. అయినా 600 రూపాయల పన్ను, దానిపై సెస్సు కట్టాలి.

నా అనుభవం

ఇంత చెప్పే నేను తెలివిగలవాణ్ణేమీ కాదు. 2021 నవంబరులో స్టాఫ్ రూములో అందరూ మాట్లాడుకుంటుంటే విని, 30,000 రూపాయలు పెట్టాను. గణితం చెప్పేవాణ్ణి కదా, నాకు తెలియదా అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి అది ఎనిమిది వేల లోపుకు వచ్చింది. "ఆగితే లేస్తుంది" అని నాకూ తెలుసు. కాని అదే నెలలో మా బాపుకు ఆపరేషన్ పడింది. ఆస్పత్రి కౌంటరు దగ్గర నిలబడి ఫోనులో అమ్మేశాను. 2024 మార్చిలో ధర మళ్లీ పాత ఎత్తుకు వచ్చింది. నా అంచనా తప్పు కాలేదు. నా డబ్బే ఆగే డబ్బు కాదు. బాకీ ఉన్న పసుపు రైతు యార్డులో ఎలా నిలబడతాడో ఆ రోజు నాకు అర్థమైంది.

కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

ధర ఎప్పుడు లేస్తుందో మన చేతిలో లేదు. మనకు డబ్బు ఎప్పుడు అవసరమో మాత్రం మనకు తెలుసు. కాబట్టి ధర పట్టికకు ముందు ఇంటి క్యాలెండరు చూడాలి.

1. ఈ డబ్బు ఎవరిది? స్కాలర్‌షిప్, ఫీజు, అమ్మానాన్నల కష్టం, గల్ఫ్ నుండి వచ్చిన జీతం, అప్పు తెచ్చింది – వీటిలో ఏదైనా అయితే ఇక్కడితో ఆగండి.
2. నాలుగైదేండ్ల దాకా ఈ డబ్బుతో అవసరం పడదని చెప్పగలనా?
3. ఇది మొత్తం పోయినా రేపు హాస్టల్‌లో నా చదువు ఆగకుండా ఉంటుందా?
4. ఇంటి ఖర్చుకు ఆరు నెలల డబ్బు విడిగా బ్యాంకులో ఉందా?
5. ఎంత పెడతాను, ఎన్ని విడతల్లో పెడతాను, ఎప్పుడు అమ్ముతాను అన్నది ముందే నోటుబుక్కులో రాసుకున్నానా?
6. ఇది ఏమిటో మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలనా?

ఆరింటికీ జవాబు సరిగా వచ్చి, స్వయంగా సంపాదిస్తున్నవారు, ప్రభుత్వం దగ్గర నమోదైన ఎక్స్ఛేంజిలో చిన్న మొత్తం పెడితే అది వారి ఇష్టం. ఒక్కదానికి జవాబు రాకపోయినా ధర ఎంత పడినా అది మనం కొనే సమయం కాదు. పద్దెనిమిదేండ్లు నిండని తమ్ముళ్లు అసలు ఆ తలుపు దగ్గరికే పోవద్దు. వేరొకరి పేరు మీద ఖాతా తెరిస్తే ఆ డబ్బు చట్టం ముందు వారిదే అవుతుంది.

బస్టాండులో ఆ తమ్మునితో నేను అన్నది ఇంతే: "ధర సంగతి విడువు. మార్చిల ఫీజు ఉన్నోనికి నవంబరుల కొనే టైమే లేదు." బస్సు ఎక్కుతూ ఏమీ అనలేదు. మార్చిలో ఫోన్ చేసి, "అన్నా, ఫీజు కట్టిన. రసీదు అమ్మకు చూపెట్టిన," అన్నాడు. ఆ మధ్య ధర ఎటు పోయిందని అతడు అడగలేదు, నేనూ చెప్పలేదు.

అభ్యాసం

1. 8,000 రూపాయలు 25 శాతం తగ్గి, తరువాత 25 శాతం పెరిగితే ఎంత అవుతుంది?
2. ధరలు 200, 100, 50గా ఉన్నప్పుడు ప్రతిసారీ 600 రూపాయలకు కొంటే సగటున ఒక నాణెం ఎంతకు పడింది? అది ఆ మూడు ధరల సగటుకు సమానమా?
3. 640 మందికి సందేశాలు పంపినవాడు ఏడు వారాలు ఆడితే ఎంతమంది మిగులుతారు?

జవాబులు: 1. 7,500 రూపాయలు. 2. 1,800 రూపాయలకు 21 నాణేలు, కావున ఒక్కొక్కటి సుమారు 85.71. మూడు ధరల సగటు 116.67, రెండూ సమానం కావు. మనకు వచ్చినది హరాత్మక మధ్యమం. 3. అయిదుగురు.

మన హాస్టల్ ట్రంకు పెట్టెలో దాచుకున్న ప్రతి రూపాయి వెనుక ఒక ఇల్లు ఉందని గుర్తుంచుకుంటారని ఆశిస్తూ, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ
ఒక పూర్వ విద్యార్థి,
గణిత ఉపాధ్యాయుడు